గొలుసు పట్టని పడవ

“ఇంకా ఎంత మిగిలింది?” పడవ ముందు కొసన, లంగరు గొలుసు పెట్టే అర ముందు ముడుచుకు కూర్చున్న వెల్మా లోపలినుంచి కేకేసింది.

“అరవై అడుగులు,” పైనుంచి అన్నాడు ఓబెడ్. “సరిగ్గా పరుస్తున్నావా ముసలీ? ఒక్కచోటే గుట్టపడుతోందేమో.”

“నలభై ఏళ్ళుగా పరుస్తున్నాను. నీ మోకాళ్ళు వంగితే నువ్వే దిగి చూసుకో.”

ఆ మోకాళ్ళు వంగవన్న ధీమాతోనే వెల్మా నిన్న చేపలు ఊరేసే పీపానొకదాన్ని, ఖాళీదే లెండి, ఆ చీకటి అరలోకి దొర్లించింది. ఏం చేస్తుంది మరి? మొగుడేమో రేవు కొట్టులో పదిమంది ముందు మీసం మెలేసి, వచ్చే వారమే తెరచాప ఎత్తి న్యూఫౌండ్‌లాండ్ వెళ్తాను, నెల దాకా రాను, ముసలిదాన్నీ తీసుకెళ్తాను అనేశాడు. అక్కడి లోతుల్లో రెండొందల అడుగుల గొలుసు లేనిదే లంగరు నిలవదు. ఇక్కడ చూస్తే పెరట్లో గుమ్మడికాయ దూడంతయింది. సంతలో పెద్దకాయల పోటీ తూకం మూడు వారాల్లోనే. దానికి పొద్దున నీళ్ళు పెట్టి, మాపటికి దుప్పటి కప్పేదెవరు? పోయినేడు ఎదురింటి హిల్డా కాయ అయిదు పౌన్లు ఎక్కువ తూగిన సంగతి వెల్మాకి ఇంకా అరగలేదు.

మూడుసార్లు గొలుసు దింపారు, మూడుసార్లు పైకి లాగారు. ఒక్క పీపా అరవై అడుగుల చోటు మింగేసిందా అని వెల్మాకే ఆశ్చర్యం. మధ్యలో అర తలుపు బిగుసుకుపోతే సుత్తి ఇమ్మంది. పనిముట్ల పెట్టె సోమవారం నుంచి కనిపించడం లేదన్నాడు ఓబెడ్. అంత బరువు పెట్టె ఎలా పోతుందని అడగబోయి, తన గుట్టు గుర్తొచ్చి, నా పీపా కూడా పోయిందిలే అంది. ఊళ్ళో దొంగలు పెరిగారని ఇద్దరూ ఒప్పుకున్నారు.

చివరికి ఓబెడ్ గొలుసంతా డెక్కు మీద కుప్పపోసి, సముద్రం వంక చూసి ఇంత పొడుగు నిట్టూర్పు విడిచాడు.

“పడవే వద్దంటోంది ముసలీ. మనం ఏం చేస్తాం.”

రెండు గిన్నెల చేపల పులుసు తాగి, కొట్టులో వాళ్ళకి ఈ కబురు చెప్పి రావాలని తలొంచుకుని బయల్దేరాడు. ఆ వంగిన వీపు చూసేసరికి వెల్మా గుండె కరిగి నీరైంది. పెళ్ళయ్యాక నోరు తెరిచి ఇది కావాలన్న మనిషి కాదు. పోనీ, హిల్డాయే గెలవనీ. వెనక్కి పిలిచి, చోటు దొరికిందని చెబుదామనుకుంది.

అరలోకి నడుం దాకా దూరి, రొప్పుతూ పీపాను బయటికి లాగింది.

దాని వెనక ఓబెడ్ పనిముట్ల పెట్టె ఉంది.