వెనక తలుపు

ఆ కారు మెకానిక్ చేతిలో మాత్రం ఆగదు.

అదే వింత. లెక్కల టీచరు నడిపితే సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగిపోతుంది. మెకానిక్ ఎక్కితే బుద్ధిమంతురాలిలా ఊరంతా తిరిగొస్తుంది.

"మళ్లీ చూశానమ్మా. దీనికి ఏ రోగమూ లేదు," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

"అంటే రోగం నాకుందంటావా మేస్త్రీ?"

"రామరామ! నేనెక్కడన్నాను?"

ఆవిడ కోపంలో న్యాయముంది. వాళ్లమ్మని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. వెనక సీట్లో అమ్మ పడుకుని ఉండగా నడిరోడ్డు మీద బండి ఆగిపోతే, వెనకొచ్చేవాడు చూసుకోకపోతే? ఆ ఆలోచనకే ఆవిడకి ముద్ద దిగడం లేదు.

"ఇది చాలదన్నట్టు ఇంకో పీడ," అంది. "ఆసుపత్రి దుప్పట్లు మోసే తెల్ల వ్యానొకటి నా వెనకే తగులుకుంది. కారు ఆగిందంటే చాలు, అద్దంలో వాడే. పక్కనుంచి పొమ్మంటే పోడు. లైట్లు రెండూ మిణుకుమిణుకుమనిపిస్తూ వెక్కిరిస్తాడు."

"రోజూనా?"

"వెళ్లిన ప్రతిసారీ! నిన్న ఆసుపత్రి దగ్గర వాలు దిగుతుంటే కారు ఆగింది. నేను స్టార్ట్ చేసుకుంటుంటే వెనక ఢామ్మని చప్పుడు. వీడే దేన్నో గుద్దుకునుంటాడు. బాగా అయిందనుకుని వచ్చేశాను."

సరిగ్గా అప్పుడే ఒకాయన కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మెడకి పట్టీ ఉంది.

"ఆ కారు బాగుపడిందా తమ్ముడూ?" అన్నాడు మెకానిక్‌తో.

"వీడే మేస్త్రీ! ఆ వ్యాను వీడిదే!" అంది టీచరు.

ఆయన ఆవిడ వైపు చూడలేదు.

"నువ్వు నడిపేటప్పుడూ చూశాను, ఆగలేదు. సిగ్నల్ దగ్గర నువ్వు గేరు న్యూట్రల్‌లో వేస్తావా?"

"వేస్తా. ఆటోమేటిక్‌కి అక్కర్లేదు కానీ, పాత బండ్ల అలవాటు. చెయ్యి దానంతటదే పోతుంది."

"ఆవిడ వెయ్యరనుకుంటా. మొదటి సిగ్నళ్లు కారు బాగానే దాటుతుంది. వేడెక్కాకే గొడవంతా. ఆగబోయే ముందు బండి ఒక్కసారి వణుకుతుంది. రోజూ చూస్తున్నాగా."

"చూస్తున్నావా! అదే పనా నీకు?" టీచరు గొంతు పెరిగింది. "ఇంకోసారి మా వెనక కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తా!"

"ఇక కనిపించనులే అమ్మా. పెద్దావిడ జాగ్రత్త."

"మా అమ్మ సంగతి నీకెందుకు?"

ఆయన వచ్చినట్టే కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

మెకానిక్ బుర్రలో మాత్రం పురుగు తొలచడం మొదలైంది.

"టీచరమ్మా, ఈసారి మీరే నడపండి. నేను పక్కన కూర్చుంటా. న్యూట్రల్ జోలికి పోకండి."

బయల్దేరారు. మార్కెట్ దాటారు, వంతెన ఎక్కి దిగారు. ఏమీ కాలేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఒక మలుపు దగ్గర ఆవిడ బ్రేకు తొక్కింది. కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆగిపోయింది.

"ఆగింది! ఆగిందండీ!" మెకానిక్ చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"నా కారు ఆగితే నీకు పండగా?"

"దొంగ దొరికాడమ్మా! గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌నీ చక్రాలనీ కలిపి బిగించే లాకొకటి ఉంటుంది. జోరుగా పోయేటప్పుడు పట్టుకోవాలి, ఆగేటప్పుడు వదిలెయ్యాలి. మీది వేడెక్కితే పట్టు వదలట్లేదు. చక్రాలు ఆగితే ఇంజిన్‌నీ లాగి ఆపేస్తోంది."

"మరి నీకెందుకు ఆగలేదు?"

"న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ విడిపోతుంది కదా. నా పాడు అలవాటే రోగాన్ని దాచేసింది."

అక్కడే బానెట్ ఎత్తి, ఆ లాకుకి వెళ్లే వైరు పీకాడు. ఆవిడ మళ్లీ నడిపింది. ఎన్ని చోట్ల బ్రేకు తొక్కినా ఇంజిన్ ఆగిపోలేదు. ఆవిడ చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

లాకుని నడిపే వాల్వు మార్చి, రెండు రోజుల్లో బండి సిద్ధం చేశాడు మెకానిక్. టీచరు తీసుకెళ్లడానికి వచ్చేసరికి షెడ్డులో తెల్ల వ్యాను ఉంది. దాని ఓనరు నిప్పులు తొక్కుతున్నాడు.

టీచరు ఆ వ్యాను మొహం ఇట్టే గుర్తుపట్టింది. దగ్గరికెళ్లి చూసింది. ముందువైపు చిన్న గీత కూడా లేదు. వెనకభాగం మాత్రం నుజ్జునుజ్జయింది.

"దేన్ని గుద్దాడండీ మీ డ్రైవరు?"

"వాడెక్కడ గుద్దాడమ్మా! వాలులో ముందు కారేదో ఆగిందట. వెనకనుంచి లారీ దూసుకొస్తుంటే తప్పుకుపోవచ్చుగా? పోడు! స్టీరింగ్ రోడ్డు పక్క గోడవైపు తిప్పి, బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాడట మహానుభావుడు. పనిలోంచి పీకేశాను."

టీచరు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇప్పుడెక్కడున్నారాయన?"

"గది ఖాళీ చేసి పోయాడు. ఎక్కడికో ఎవరికి తెలుసు? ఇదిగో మేస్త్రీ, వెనక తలుపు మీద ఏవో పిచ్చిరాతలు కూడా రాసి చచ్చాడు. సాపు చేశాక వాటిమీద రంగు కొట్టెయ్."

"ఏం రాశారు?" అంది టీచరు.

"నేను చదివానా ఏమన్నానా?"

మెకానిక్ లోపలివైపునుంచి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ముడుచుకుపోయిన రేకు కొద్దికొద్దిగా విచ్చుకుంటోంది. టీచరు అక్కడినుంచి కదల్లేదు.

ఆవిడ అద్దంలో ఏనాడూ కనబడని ఆ తలుపు మీద, నీలం రంగు అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి: "మెల్లగా రండి. నా ముందు కారు ఆగిపోతూ ఉంటుంది. అందులో జబ్బుమనిషి ఉంది."