పోతుమేక గుర్తు

బేరం ముగిశాక చూస్తే కొక్కేనికి మేక బీజాలు లేవు. మాంసం కొట్టు యజమాని జగన్నాధం నా వైపు తిరిగాడు.

అమ్మేది పోతుమేకేనని జనం నమ్మాలని మాంసం పక్కనే బీజాలు వేలాడదీస్తాడతను. సాయంత్రం వాటిని లోపలికి పట్టుకుపోతాడు. తనే తింటాడనుకున్నాను. పొద్దున్నుంచి నరికి నరికి చచ్చే నాకేమో ఎముకలు! కడుపుతో ఉన్న నా భార్య కుమారి బీజాల వేపుడు తినాలనుందని అడిగింది. ఇవాళ టీకి వెళ్ళినట్టు వెళ్ళి ఇంట్లో ఇచ్చొచ్చాను.

"ఒరే, అవేటి సేసినావు?"

"మా ఇంటిదానికిచ్చినాను. కొడతావా బాబూ? కొట్టు."

కొట్టలేదు. అతని మొహం పాలిపోయింది.

"తినొద్దని సెప్పరా! నాను తోలు తీసి తెస్తన్నది ఆడమేక. కుళ్ళిపోకుండా విసం మందులో ముంచి, రోజూ అవే కడతన్నాను."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. కత్తి పడేసి విజయనగరం బజారంతా పరుగెత్తాను.

గుమ్మంలోనే వేపుడు వాసన. కుమారి నవ్వుతూ పళ్ళెం నా ముందుకు తోసింది.

"నాను సగమే తిన్నాను మావా. ఇది నీకుంచినాను, తిను."