మా ఆవిడకు ఈగంటే భయం

“సచ్చినా రాను. ఇంగొకసారి అడిగితే ఈ తెడ్డు నీ వీపున ఇరుగుతాది.”

గంగులమ్మ ఆ మాట అనేసి తెడ్డును మళ్ళీ సంగటి కుండలోకి దించింది. లోపలికి రాబోయిన యోగానంద గడప అవతలే ఆగిపోయాడు. పొద్దున్నుంచీ ఇదే పంచాయతీ.

పెళ్ళయి నెల కూడా కాని కోడలు కోమలి, తల వంచుకుని ఊరిబిండి పచ్చడి నూరుతోంది. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. ఈ ఇంట్లో మగ్గాలు లేవు. ఆ లోటు అత్తామామలు తీరుస్తున్నారు.

గొడవంతా రేపటి గురించే. యోగానంద ఆ చుట్టుపక్కల తేనెటీగలు పెంచుకునేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పోయినేడు మామిడి పూత మీదుండగానే తోటలవాళ్ళు పురుగుమందు కొట్టేశారు. సంఘంలో అందరూ చచ్చిన ఈగల్ని చీపుర్లతో ఊడ్చుకున్నారు. వాళ్ళలో శాంతయ్య, తేనెటీగల పెట్టెలన్నీ ఖాళీ అయిపోయి, రేణిగుంటలో గోడౌన్ పనికి పోయాడు.

ఈసారి తోటలవాళ్ళు ఒక మెట్టు దిగారు. “పూతలో మందు ఆపుతాం, పెట్టెలూ పెట్టుకోండి. అయితే మీ ఈగలు మా కూలోళ్ళను పీక్కుతినవని ముందు మా కళ్ళకు సూపించండి” అన్నారు. రేపు ఉదయం దామలచెరువు దగ్గర తోటలో, అందరి ముందూ అధ్యక్షులవారు పెట్టె తెరిచి చూపిస్తారని సంఘం మాటిచ్చింది.

దానికి అత్త ఎందుకు? కోమలికి అంతుబట్టలేదు.

మామ వీడియోలు ఆమె పెళ్ళిచూపులప్పుడే చూసింది. ఒంటికి తెల్ల డ్రస్సు, తలకు నల్ల వల ముసుగు. తేనెపట్టును పసిబిడ్డలా పైకెత్తి, రాణి ఈగ ఎక్కడుందో వేలితో చూపిస్తాడు. నోరు మాత్రం విప్పడు. పెట్టె దగ్గర మాట్లాడితే ఈగలకు కోపమట. ఆ బాకీ అంతా తర్వాత మైకు ముందు తీర్చుకుంటాడు.

ఇంటి పెట్టెలు ఊరి బయట చేను గట్టున ఉన్నాయి. తెల్లారగానే ఇద్దరూ కలిసి పోతారు. మామ పెట్టెలు చూసుకునేలోపు అత్త ఆవుకు గడ్డి కోసుకుంటుంది కాబోలు. తిరిగొచ్చేటప్పుడు గడ్డిమోపు మాత్రం మామ నెత్తినే ఉంటుంది. పెళ్ళాం అంటే ఎంత ప్రేమో అనుకునేది కోమలి.

ఆ ప్రేమకు పది రోజుల కిందట తిరుపతిలో దెబ్బ తగిలింది. ఎవరో శాలువా కప్పి మైకు చేతికిస్తే, “మా ఆవిడకు ఈగంటేనే భయం. పెట్టె పక్కకే రాదు” అన్నాడు యోగానంద. హాలంతా పగలబడి నవ్వింది. ముందు వరుసలో కూర్చున్న గంగులమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక వారం దాకా కూరలో ఉప్పు వేయలేదు.

“ఏదో తమాసాకు అంటిని మే. నలుగురూ నవ్వుతారని.”

“నవ్వినారు గదా. రేపు గూడా పోయి నవ్వించు.”

“శాలువా వాని బుజాల మీద కాదు, నోటి మీద కప్పాల్సింది” అంది మంచం మీద వక్కాకు నములుతున్న అవ్వ. యోగానంద కన్నతల్లి ఆమె.

“నువ్వు గమ్మునుండుమా! ఇదో మే, పట్టుచీర తీసిస్తా. రేపు అదే కట్టుకుని రా.”

“యెవురు సూడొచ్చినారు నా చీర?”

మీటింగుల్లో ఎవరేం అడిగినా తడుముకోని యోగానంద, గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

కొడుకు మునిచంద్ర వ్యాను కడిగి లోపలికొచ్చాడు. “మా, రామ్మా. శాంతయ్య మామ గూడా రేపు పని మానుకుని వస్తాండాడు. పోయినేడు ఆయప్ప ఖాళీ పెట్టెల ముందర కూసోని ఏడ్సింది నువ్వు సూళ్ళేదా?”

తెడ్డు ఆగింది.

ఇదే అదును అనుకుంది కోమలి. కొత్త కోడలు, ఒక మంచిమాట చెప్పి మార్కులు కొట్టేయాలని ఆశ. పొద్దున పుట్టింటి నుంచి తెచ్చిన గంధం సబ్బు ఇస్తే, “ఈ వాసనవి ఈ పొద్దొద్దులేమ్మా, ఎల్లుండి పూసుకుంటా” అని అత్త తీసి గూట్లో పెట్టేసింది. ఆ మార్కులు ఎటూ పోయాయి.

“అత్తా, నేను మీ పక్కనే కూసుంటాను. ఈగలు మన దాకా రావంట. బయపడొద్దు.”

మునిచంద్రకు దగ్గు వచ్చింది. యోగానంద క్యాలెండర్‌కు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. అవ్వ మాత్రం వక్కాకు రసం రవిక మీద కారేదాకా నవ్వింది.

తనేం తప్పు మాట్లాడిందో కోమలికి తెలియలేదు.

గంగులమ్మ కోడలి మొహం కేసి చూసింది. తర్వాత మొగుడి కేసి చూసింది. పొయ్యి ఆపి, చేయి తడి చేసుకుని సంగటి ముద్దలు కట్టి, తలా ఒక పళ్ళెంలో పెట్టింది. మొగుడి ముద్దకు మిగతావాటికంటే కొంచెం ఎక్కువ నెయ్యే పడింది. అది చూసి యోగానందకు ప్రాణం లేచొచ్చింది.

“అంటే, వస్తావు కదా?”

ఆమె చెంగుతో చేయి తుడుచుకుని, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అందరికీ చెప్పింది.

“వస్తాలే. పెట్టె ఎప్పుటి మాదిరే నేనే తెరస్తా, అయితే రేపు ఆ ముసుగు మాత్రం ఏసుకోను.”