గడప బయట ఏడుపు

ఇందుజ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కిందో లేదో, గడపలో ఎవరో భోరుమన్నారు.

"ఓ కొడుకా... లింగం కొడుకా..."

అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు నిండా నూలు పీచు.

సూరత్ శివారు భేస్తాన్‌లోని ఆ గది లింగానిది. పల్సానాలో మరమగ్గాల షెడ్డులో కరెంటు షాక్ కొట్టి పోయాడు. సేటు మాత్రం లింగమెవరో తనకు తెలియనే తెలియదన్నాడు. తాగి రోడ్డు మీద పడి చచ్చాడట.

కాదని చెప్పే సాక్షి ఒక్కరు దొరికితే చాలు. ఊళ్లో ఉన్న అతని భార్య లతకు పరిహారం వస్తుంది, తాగుబోతు పెళ్లామన్న మాటా తప్పుతుంది. నెలలు నిండిన మనిషి, చివరిచూపుకు కూడా రాలేకపోయింది. గదిలో ఉండే తోటివాళ్లను సేటు ముందే ఊళ్లకు తోలేశాడు.

విచారణకు గుజరాతీ ఆఫీసరు వచ్చాడు. సేటు మేనేజరు, అతనూ గుజరాతీయే, దర్జాగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. కార్మికుల ట్రస్టు తరఫున ఇందుజ వచ్చింది. తెలుగు రైల్వే ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పుట్టిపెరిగింది.

"ఎవరీమె?" హిందీలో అడిగాడు ఆఫీసరు.

"పిచ్చిది సాబ్. చావు ఎక్కడుంటే అక్కడికొచ్చి ఏడుస్తుంది, చాయ్ కోసం," మేనేజరు నవ్వాడు.

ముసలామె అతని వైపోసారి చూసి, ఇంకా గట్టిగా రాగం తీసింది.

ఇందుజకు చిర్రెత్తింది. కన్నీళ్లకు కరిగితే కేసు చెడుతుందని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఆ మాట మరిచిపోయే రకం కాదు ఇందుజ.

"బయట కూర్చుని ఏడవండమ్మా. ఇక్కడ పని జరుగుతోంది."

"బిడ్డా, జర ఇనవా..." ముసలామె చెయ్యి పట్టుకుంది.

"సాక్ష్యం ఉంటే చెప్పండి. ఏడుపు రాసుకోరిక్కడ."

ముసలామె మళ్లీ మేనేజరు వంక చూసింది. చెయ్యి వదిలేసింది. గడప అవతల కూలబడి శోకం అందుకుంది.

ఇందుజ తలుపు దగ్గరికి వేసింది.

సాక్షులు లేరని నెల తిరక్కుండానే కేసు మూసేశారు.

ఆ సంగతి చెప్పడానికి ఇందుజ లతకు ఫోన్ చేసింది.

"మేడం, ఆడ మా ఆయన కోసం ఎవలన్న ఏడ్సిన్రా?"

"ఒక పెద్దావిడ ఏడ్చింది."

"జర గామెతోని మాట్లాడియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

ఇందుజ ఆ పూటే భేస్తాన్ వెళ్లి వాకబు చేసింది.

"ఆ ముసలామా? వజ్రమ్మ. గుండె ఆగి పోయింది, వారమైంది," అంది పక్క గది ఒడియా ఆమె. "పాపం, ఏడవడానికి ఒక్కరూ రాలేదు."

ఇందుజ ప్రాణం ఉసూరుమంది. ఆనాటి రికార్డింగ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. విచారణ రోజుల్లో ఏడుపు వచ్చిన చోటల్లా ముందుకు జరుపుకుంటూ విన్నది తను. కనీసం ఆ ఏడుపైనా లతకు దక్కనీ అని పంపింది.

కాసేపటికే లత ఫోన్ చేసింది.

"మేడం, మీరిది ఇన్నరా? 'వైరు తెగిందని సూపిస్తి గదరా కొడుకా, మిషన్ బందు జెయ్యమంటె గీ మేనేజరే ఇనకపాయె, సచ్చినంక నిన్ను మోసుకపోయి సడక్ మీదేసె, నా కండ్లతోని సూస్తి' అని ఏడ్సింది. గామె షెడ్డుల మా ఆయన పక్కన బాబిన్లు సుట్టే పెద్దమ్మ."

లత అక్కడితో ఆగలేదు.

"అంత జెప్పింది గద మేడం. గా అర్రల తెలుగు తెలిసినోళ్లు ఒక్కలు గూడ లేకుండెనా?"