తుపాకీకి పెట్టిన బొట్టు

అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో చనిపోయిన ఒక వేటగాడి సామాన్లు అమ్ముతుంటే, మా ఆయన దివాకర్ ముచ్చటపడి పాత లీవర్ రైఫిల్ కొన్నాడు. దాన్ని తుడిచి నూనె రాయడం నా పని. అతనికి వదిలేస్తే తుప్పు పడుతుంది.

ఆయుధపూజ రోజు దానికీ కుంకుమ బొట్టు పెట్టాను. తడి బొట్టు ఇనుముకు మంచిది కాదని చీకటి పడ్డాక గుర్తొచ్చింది. పాపను నిద్రపుచ్చి, గ్యారేజీలోకి వెళ్లి, రైఫిల్ దాచిన సేఫ్ తెరిచాను.

బొట్టు లేదు. గొట్టం కొత్త నూనెతో మెరుస్తోంది.

ఆఫీస్‌లో ఉన్న దివాకర్‌కి ఫోన్ చేశాను. "రైఫిల్ నువ్వు తుడిచావా?"

"నేనా? కాఫీ కప్పే కడగను! అయినా తాళం నీ దగ్గరేగా మేడమ్."

నిజమే, తాళంచెవి నా కొంగుకే ఉంది. ఎవరో గానీ, నేను కూడా వంక పెట్టలేనంత శుభ్రంగా తుడిచారు.

ఇంతలో మేడ మీద నుంచి పాప అరిచింది.

"అమ్మా, ఈ అంకుల్ షూస్ విప్పట్లేదు!"