కీచురాయి

ఈసారి చప్పుడు కాకూడదు. అంతే. మిగతా పనంతా చప్పుడుగాడికి వచ్చు.

దొంగకి ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి కారులో కూర్చోగానే తుమ్మాడు. రెండో కారులో మోచేయి హారన్ మీద ఆనించి, వీధి మొత్తం లేచాక గానీ తియ్యలేదు. ఎత్తుకొచ్చిన కార్లని విప్పి అమ్మే షెడ్డు వాళ్ళ బావది. పెళ్ళాం మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్న బావ చివరికి తేల్చి చెప్పేశాడు.

“ఈసారి కారు చడీచప్పుడు లేకుండా షెడ్డుకి రావాలి. లేదంటే ఇంట్లో కూర్చుని మీ అక్క కవల పిల్లల్ని ఆడించుకో. అదే నీ ఉద్యోగం.”

ఆ కవలల సంగతి తెలిసినవాడెవడైనా జైలే నయమంటాడు.

అందుకని చప్పుడుగాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. ప్లంబరు వేషంలో వారం రోజులు ఓ అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగి, సెల్లారు మూలనున్న పాత తెల్లకారు మీద కన్నేశాడు. అన్ని రోజుల్లో ఒక్కరు కూడా ఎవరు నువ్వని అడగలేదు. వేషం అంత బాగా కుదిరిందని మురిసిపోయాడు. కారు సొంతదారు ఆఫీసు పని మీద ఊరెళ్ళాడని తెలియగానే, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకి పైపు భుజాన వేసుకుని సెల్లారులోకి దిగాడు.

అదృష్టమంటే అదీ! గేటు బార్లా తీసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలో గురక పెడుతున్నాడు. కారు తలుపు లాక్ చెయ్యలేదు. తాళంచెవి స్టీరింగ్ పక్కనే వేలాడుతోంది. ఇంత తెలివితక్కువ మనుషులుంటారా అని చప్పుడుగాడికి వాళ్ళ మీద జాలి కూడా వేసింది.

మెల్లిగా స్టార్ట్ చేసి, పిల్లర్ పక్కనుంచి మలుపు తిప్పాడు.

కీఈఈఈచ్!

వెనక టైర్లు గొంతు చించుకున్నాయి. కారు కప్పలా ఓ గెంతు గెంతింది. చప్పుడుగాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు తొక్కి, మళ్ళీ తిప్పాడు. కీఈఈచ్! పైన టపటపా కిటికీలు తెరుచుకున్నాయి. వాచ్‌మన్ గురక ఆగింది. అయిపోయింది, ఇక కవలలే గతి అనుకున్నాడు.

విచిత్రంగా ఒక్కరూ అరవలేదు. తువ్వాలు కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గబగబా దిగొచ్చి, దారికి అడ్డంగా ఉన్న తన స్కూటరుని పక్కకి జరిపాడు. గేటు పక్కన మొక్కలకి నీళ్ళు పోస్తున్న పెద్దావిడ మగ్గు కింద పెట్టి చెయ్యి ఊపింది.

“ఇంకాస్త వెనక్కి రా నాయనా. ఆ... ఇప్పుడు కట్ కొట్టు. గోడ చూసుకో. పో, పో!”

వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు.

వీధిలో పడ్డాక గానీ చప్పుడుగాడికి విషయం బోధపడలేదు. రోజూ వినే మోతే కదా, సొంతదారే వెళ్తున్నాడనుకుని ఉంటారు! జన్మలో మొదటిసారి చప్పుడే వాణ్ణి కాపాడింది. ఆ ఆనందంలో కాస్త గట్టిగా తొక్కాడు. ట్యాంకరు నీళ్ళు ఒలికి తడిసిన సర్కిల్ దగ్గర కారు వెనకభాగం సర్రున జారింది. భయంతో స్టీరింగ్ అటే తిప్పాడు. కారు అడ్డంగా, అందంగా, సర్కిల్ చుట్టూ జారుకుంటూ తిరిగొచ్చింది. చప్పుడుగాడు కేకపెట్టాడు. అది భయంతో పెట్టిన కేక కాదు. వెళ్ళాల్సిన దారి వదిలేసి మళ్ళీ ఓ చుట్టు తిరిగాడు.

షెడ్డు ముందు బావ రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉన్నాడు. బండి ఆగగానే జాకీ పెట్టి కారు వెనకభాగం లేపాడు. ఒక చక్రం తిప్పితే రెండోది కూడా దానితోపాటే తిరిగింది. బావ తల పట్టుకున్నాడు.

“ఏం తెచ్చావురా? దీని డిఫరెన్షియల్‌కి ఎవడో వెల్డింగ్ కొట్టి పారేశాడు!”

“అంటే?”

“మలుపులో లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటిది ఎక్కువ తిరగాలి. అది చూసుకునే పళ్ళ చక్రాల్ని కలిపి అతికించేశాడు. ఇక రెండూ ఒక్కలాగే తిరుగుతాయి, మలుపు మలుపుకీ టైర్లు ఏడుస్తాయి. డ్రిఫ్టింగ్ పిచ్చోళ్ళు మైదానంలో కారుని అడ్డంగా జార్చడానికి చేయించుకుంటారు. దీన్నేసుకుని రోజూ ఆఫీసుకి కూడా పోతున్నాడంటే, వాడిది మామూలు పిచ్చి కాదు.”

“భలే జారుతుంది బావా!”

“జారుతుంది, మన ఇద్దర్నీ తీసుకెళ్ళి జైల్లో పడేస్తుంది. ఈ కూత ఎటు పోయిందో ఊళ్ళో ఎవణ్ణి అడిగినా చెబుతాడు. తెచ్చినచోటే పెట్టేసి రా. కారు ఉన్నచోట ఉంటే ఎవడూ వెతకడు. పట్టుబడ్డావో, కవలలు.”

సాయంత్రం చప్పుడుగాడు సందు మొదట్లోనే ఇంజను ఆపేసి, కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుని కారుని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. తిన్నగా వచ్చినంతసేపూ కారు నోరెత్తలేదు. గేటు దగ్గర మాత్రం తిప్పక తప్పలేదు.

కీచ్.

సెల్లారులో అపార్ట్‌మెంటు అంతా ఉంది. పాటలు పెట్టుకుని కూల్‌డ్రింకులు తాగుతున్నారు. అందరి తలలూ ఒక్కసారిగా గేటు వైపు తిరిగాయి. ఎవరో పాట ఆపేశారు. తువ్వాలాయన చేతిలో గ్లాసు జారి కింద పడింది.

చప్పుడుగాడు ఉన్నచోటే కూలబడి దండం పెట్టాడు.

“తప్పయిపోయింది. బుద్ధి గడ్డి తిని ఎత్తుకుపోయాను. ఇదిగో, చిన్న గీత కూడా పడకుండా తెచ్చేశాను. పోలీసులకి చెప్పకండి!”

మధ్యాహ్నం దారి చూపించిన పెద్దావిడ నెమ్మదిగా ముందుకొచ్చింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. తన నిజాయితీకి కరిగిపోయిందనుకుని చప్పుడుగాడికీ ఏడుపొచ్చింది.

“తాళంచెవి పెట్టింది నేను, గేటు తీసింది వాచ్‌మను, స్కూటరు జరిపింది ఈయన. మా చెవులకి కాస్త సుఖం దక్కుతుందని ఇంతమందిమి కలిసి నీచేత దొంగతనం చేయిస్తే, ఆ కీచురాయిని మళ్ళీ తెచ్చి మా అబ్బాయికే ఇస్తావా నాయనా?”