చతుష్పాద అవరోధం

ఆఫీసు ముందు జెండా కర్ర పాతాల్సిన చోట కుక్క కూర్చుంది.

ముసలి కుక్క. మూతి నెరిసింది, ఒక కన్ను మసకబారింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

సోమవారం జనరల్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆలోగా కర్ర నిలబడాలి. కర్ర నిలబడాలంటే గొయ్యి తవ్వాలి. గొయ్యి తవ్వాలంటే కుక్క లేవాలి.

మామూలు మనుషులైతే "ఛీ, పో" అంటారు. కానీ అది సైనిక స్థావరం. యుద్ధం మొహం ఏనాడూ చూడకుండా దుప్పట్లూ బూట్లూ లెక్కపెట్టుకునే స్థావరం. అలాంటి చోట ఛీ అనడానికి కూడా పైనుంచి అనుమతి రావాలి.

అక్కడి కెప్టెన్‌కు సిపాయిలు చాటుగా పెట్టుకున్న పేరు 'పద్ధతి గారు'.

"ఏంటయ్యా అది?" అన్నారు పద్ధతి గారు.

"కుక్క సార్," అన్నాడు గుమాస్తా.

"రిపోర్టులో కుక్క అని రాస్తావా? బుద్ధుందా నీకు?"

గుమాస్తా తల గోక్కుని రాశాడు: 'నిర్దేశిత స్థలమునందు అనధికార చతుష్పాద అవరోధము.'

కెప్టెన్ గారి మొహం వెలిగిపోయింది.

కాగితం రవాణా విభాగానికి వెళ్లింది. చక్రాలు లేనివాటితో మాకు సంబంధం లేదన్నారు వాళ్లు. వైద్య విభాగం వాళ్లు రెండు కాళ్లకు మించినవాటిని ముట్టుకోం అన్నారు. భద్రతా విభాగం మాత్రం కంగారుపడింది. ఇది ఏ దేశపు కుక్కో ముందు తేల్చమంది.

ఈ మేధావులంతా కలిసి నాలుగు రోజులు తినేశారు.

మధ్యలో వంటవాడు వచ్చాడు. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి. ఎముక చూపించి "రా తాతా" అన్నాడు. కుక్క తోకూపుకుంటూ అతని వెనకే వంటగదికి వెళ్లింది.

అంతే పని. దానికి ఎవరి సంతకమూ కావాల్సి రాలేదు.

కానీ కుక్క ఎముక తినేసి, మూతి నాక్కుని, కుంటుకుంటూ వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది. ఎన్నిసార్లు తీసుకెళ్లినా అదే తంతు. మొరగదు, కరవదు. నేలవంక చూస్తుంది. దారిన పోయేవాళ్ల మొహంలోకి చూస్తుంది. మళ్లీ నేలవంక చూస్తుంది.

"ఏదో చెప్తోంది సార్," అన్నాడు వంటవాడు.

"చెప్పాలనుకుంటే సరైన పద్ధతిలో పై అధికారి ద్వారా చెప్పమను," అన్నారు కెప్టెన్ గారు. తన జోకుకు తనే నవ్వుకున్నారు. గుమాస్తా కూడా నవ్వాడు, ఉద్యోగం కదా పాపం.

"చెవిలో పచ్చబొట్టు అంకెలున్నాయి సార్. ఎవరో పెంచిన కుక్కే."

"మన రిజిస్టరు అంకెల్లో అది లేదు కదా?"

శనివారం కెప్టెన్ గారి సంతకంతో ఆదేశం వచ్చింది: 'అవరోధమును తక్షణమే తటస్థీకరించవలెను.'

వంటవాడు గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లాడు. "తటస్థీకరించడం అంటే ఏంటి బాబూ?"

గుమాస్తా తల ఎత్తలేదు. "కాల్చెయ్యడం, బాబాయ్."

వంటవాడు పరుగున కెప్టెన్ గారి గదిలోకి వెళ్లాడు.

"నా గదిలో కట్టేసుకుంటాను సార్. నా కూట్లోదే పెడతాను. ముసలి ప్రాణం, వదిలెయ్యండి."

"రేషన్‌లో లేని ప్రాణికి స్థావరంలో తిండి పెట్టడం నేరమయ్యా. ఇదివరకు పెట్టిన ఎముకల సంగతి నేను అడగలేదు, సంతోషించు."

సంతకం పెట్టిన చెయ్యి తుపాకీ పట్టదు. ఒక సిపాయిని పిలిచారు. వంటవాడే కుక్క మెడకు తాడు కట్టి గోడ అవతలికి నడిపించాడు. అడుగడుక్కీ అది వెనక్కి లాగుతూనే ఉంది, ఆ చోటివైపే.

"క్షమించు తాతా," అన్నాడు వంటవాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. దాన్ని పూడ్చిపెట్టింది కూడా అతనే.

ఆదివారం పొద్దున్నే గొయ్యి తవ్వకం మొదలైంది. కెప్టెన్ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

గడ్డపార ఠంగుమంది.

తవ్వుతున్న సిపాయి మన్ను తీసి చూశాడు. తుప్పు పట్టిన ఇనప పొట్ట. ఎప్పటి యుద్ధానిదో, పేలని బాంబు.

కెప్టెన్ గారు ఏ పద్ధతీ పాటించకుండా పరిగెత్తారు. టోపీ ఒకచోట పడింది, కుర్చీ ఒకచోట పడింది.

మధ్యాహ్నానికి బాంబులు తీసే దళం వచ్చింది. వచ్చినవాళ్లు మాటలు తక్కువ, పని ఎక్కువ. ఫ్యూజు ఊడదీసి, దాన్ని జాగ్రత్తగా బండికెక్కించారు. దళం పెద్ద చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"ఇంకొక్క దెబ్బ పడుంటే మీ ఆఫీసు ఉండేది కాదు. ఇక్కడుందని ముందుగా ఎవరికైనా తెలుసా?"

కెప్టెన్ గారు గొంతు సవరించుకున్నారు. "మా ముందస్తు భూతల పరిశీలన ప్రక్రియలో..."

"అక్కడొక ముసలి కుక్క కూర్చునేది బాబూ," అన్నాడు వంటవాడు. "ఎంత లాక్కెళ్లినా మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేది."

దళం పెద్ద గబుక్కున అతని దగ్గరికి వచ్చాడు.

"చెవిలో పచ్చబొట్టు ఉందా? ఒక కన్ను మసగ్గా ఉంటుందా?"

"ఆ, అదే."

"మా దళంలోదే! రిటైరయ్యాక పెంచుకుంటున్నవాళ్ల ఇంట్లోంచి తప్పిపోయింది. నెల్లాళ్లుగా వెతుకుతున్నాం. ఎక్కడుంది, పిలువు!"

గుమాస్తా తల దించుకున్నాడు. కెప్టెన్ గారు కిందపడ్డ టోపీ తీసి దుమ్ము దులపసాగారు.

వంటవాడు గోడ అవతల పచ్చి మట్టి కుప్పకేసి చెయ్యి చూపించాడు.

దళం పెద్ద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మందుగుండు వాసన తగిలితే మొరగొద్దు, తవ్వొద్దు, మనవాళ్లు చూసుకునేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు అని దానికి నేర్పింది నేనే," అన్నాడు.